సంతకు బయలుదేరక ముందే

శుక్రవారం అరకు సంత. తెల్లారేసరికల్లా చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఆటోలూ జీపులూ కిక్కిరిసి వస్తాయి. అల్లం, పసుపు, రాజ్‌మా, చింతపండు, కొండచీపుర్లు దిగుతాయి. ఉప్పు, నూనె, ఎండుచేపలు, బట్టలు తిరుగు బండెక్కుతాయి. మధ్యాహ్నం దాటేసరికి చేతిలో నాలుగు డబ్బులు, పక్కన నాలుగూళ్ల చుట్టాలు, ఒంట్లో వారం రోజుల అలసట. తాగుడు మానేస్తానని ఆదివారం మందిరంలో కన్నీళ్లతో మొక్కిన మనిషికి పరీక్ష మొదలయ్యేది ఆ మధ్యాహ్నమే. సాయంత్రం తూలుతూ ఇల్లు చేరితే ఇంటావిడ అడిగేది ఒకటే మాట: "పార్థన చేసినావు కదా, ఏటయిపోయింది మరి?"

ఈ అధ్యాయం ఆ మాటకు జవాబు వెదుకుతుంది. విశ్వాసం తక్కువైందా, మాటలు తప్పాయా అని తవ్వుకోవడం కన్నా ముందు, ఆ ప్రార్థన ఏ వేళకు చేశారో చూడాలి. గ్లాసు చేతికొచ్చాక చేసే ప్రార్థన మునిగిపోతున్నవాడి కేక. ఆ కేకకూ దేవుడు పలుకుతాడని విశ్వాసి నమ్మకం. కానీ ప్రతి శుక్రవారమూ కేక దాకా రానివ్వడం ఎందుకు? సంతకు బయలుదేరక ముందు, పొయ్యి దగ్గర కూర్చుని, వెళ్లే దారీ కలిసే మనుషులూ చేతికొచ్చే డబ్బూ పేరు పేరునా చెప్పుకుని చేసే ప్రార్థన ఇంకో రకం. ఇక్కడ నేర్చుకోబోయేది ఆ రెండో రకం.

శోధనకు వేళలున్నాయి

తూర్పు కనుమల్లో శోధన వేళలను లెక్కగట్టడం కష్టం కాదు. కాఫీ కోతలు నవంబరులో మొదలై ఫిబ్రవరి దాకా సాగుతాయి. ఏడాదిలో పెద్ద మొత్తం కళ్లజూసే కాలం అదే, ఎముకలు కొరికే చలీ అప్పుడే. "చలికి ఒక గుక్క" అన్న మాట ఆ నెలల్లో ప్రతి మంట దగ్గరా వినిపిస్తుంది. నిజానికి మద్యం చర్మం కిందున్న రక్తనాళాలను వెడల్పు చేస్తుంది. ఒళ్లు వెచ్చబడినట్టే ఉంటుంది గానీ లోపలి వేడి బయటికి పోతుంది. చలి దాటాక చైత్రంలో ఇటుకల పండగ, ఎండల్లో పాడేరు మోదకొండమ్మ జాతర, మధ్యలో పెళ్లిళ్లు, చావులు, వారం వారం సంతలు.

వేళ తెలిసినా సంగతి అంత తేలిక కాదు, ఎందుకంటే కొండల్లో కల్లుకు చాలా లోతైన చరిత్ర ఉంది. కొండరెడ్ల గురించి 1945లో పుస్తకం రాసిన ఆస్ట్రియా మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్, తిండిగింజలు అడుగంటిన నెలల్లో జీలుగు కల్లు ఆకలి తీర్చే ఆహారమయ్యే తీరును నమోదు చేశారు. ఇంటి అవసరానికి గీసుకునే ఆ కల్లు మీద పన్ను వేసి, గీత హక్కును బయటి గుత్తేదార్లకు అప్పజెప్పడం 1879 రంప తిరుగుబాటుకు ముఖ్య కారణాల్లో ఒకటి. ఆ పన్నును జనం చిగురుపన్ను అన్నారు. అంటే తాతల కాలంలో కల్లు కోసం నిలబడటం దొరతనానికి ఎదురు నిలబడటమే.

అదే మన్యంలో నాలుగు దశాబ్దాల తరవాత అల్లూరి సీతారామరాజు తాగుడు మానమని ఊరూరా చెప్పారు. 1922 ఆగస్టులో పోలీసు ఠాణాల మీద దాడులకు ముందు ఆయన చేసిన ప్రచారంలో మద్యం మానడం, తగవులు పంచాయతీలోనే తీర్చుకోవడం ఉన్నాయి. కాబట్టి తాగుడు మానడమనేది మిషనరీలో పట్నపోళ్లో తెచ్చిపెట్టిన వింత కాదు. చర్చికి వెళ్లే కుర్రవాడు ఈ రెండు చరిత్రలనూ తెలుసుకోవాలి. అప్పుడే కల్లుముంత పట్టుకున్న తాతను చిన్నచూపు చూడకుండా, తాను మాత్రం నాటుసారా పాకకేసి నడవకుండా ఉండగలడు. ఆకలికి గీసుకున్న కల్లూ, బెల్లం ఊటలో ఏమేమి కలిపారో తెలియని సారా, రోడ్డు పక్క అమ్మే సీసా ఒకటి కావు. ఎవరి శోధన ఏదో వాళ్లే తేల్చుకుని ఆ పేరుతోనే ప్రార్థించాలి.

లేఖనంలో ముందు ఏముంది?

బైబిల్లో శోధన కథలను వరసగా చదివితే ఒక సంగతి తేటపడుతుంది. గెలిచినవాళ్లు ముందే సిద్ధపడ్డారు.

దానియేలు బబులోను రాజు బల్ల ముందు కూర్చున్నాక ఆలోచించలేదు. రాజు భోజనమూ ద్రాక్షారసమూ ముట్టకూడదని అంతకు ముందే మనసులో నిశ్చయించుకున్నాడు. పైగా అధికారిని మర్యాదగా బతిమాలి పది రోజుల గడువు అడిగాడు. కూరలూ నీళ్లూ చాలు, పది రోజుల తరవాత మీరే చూడండి అన్నాడు. జీవితాంతం అంటూ పెద్ద ఒట్టు పెట్టుకోకుండా చిన్న గడువు అడగడం ఎంత తెలివైన పనో, మానుడు మొదలుపెట్టినవాళ్లకు బాగా తెలుస్తుంది.

అరణ్యంలో యేసు ఎదుర్కొన్న శోధన మత్తయి సువార్త నాలుగో అధ్యాయంలో ఉంది. అది నలభై రోజుల ఉపవాసం చివర, ఆకలి వేళ వచ్చింది. మూడుసార్లు శోధకుడు మాట్లాడాడు, మూడుసార్లూ యేసు ద్వితీయోపదేశకాండం మాటలతోనే బదులిచ్చాడు. ఆ మాటలు అప్పటికప్పుడు వెదికితే దొరికేవి కావు, ఎప్పటినుంచో నోటికి వచ్చి ఉండాలి. లూకా మరో చిన్న సంగతి చేర్చాడు: శోధకుడు కొంతకాలమే తొలగిపోయాడట. ఒక సంత గెలిచినవాడు వచ్చే సంతకు మళ్లీ సిద్ధపడాలన్న సూచన అందులో ఉంది.

గెత్సేమనే తోటలో జరిగింది దీనికి పూర్తిగా తలకిందులు. మెలకువగా ఉండి ప్రార్థించమని యేసు శిష్యులకు ముందే చెప్పాడు. వాళ్లు నిద్రపోయారు. అదే రాత్రి, చలిమంట దగ్గర, ఒక పనిపిల్ల అడిగిన ప్రశ్నకు పేతురు బెదిరి అబద్ధమాడాడు. చలి, మంట, చుట్టూ మనుషులు, ఊహించని ప్రశ్న: కొండల్లో తాగుడు మానేవాడికి ఇవన్నీ తెలిసిన సంగతులే.

ప్రభువు నేర్పిన ప్రార్థనలో కూడా శోధన నుంచి తప్పించమనే మనవి ఆ రోజు ఆహారం అడిగే మనవితో పాటే ఉంది. రెండూ రోజూ అడగవలసినవే, ఆకలి వేయక ముందే అడగవలసినవే.

చేయవలసిన పనులు

మొదటిది, వేళ రాసుకోవడం. ఒక నోటు పుస్తకంలో గత నెల రోజుల్లో ఎప్పుడెప్పుడు తాగారో, లేదా పేకాటలోనో ఫోను జూదంలోనో డబ్బు పోగొట్టుకున్నారో రాయాలి. రోజు, వేళ, చోటు, పక్కనున్న మనిషి, జేబులో డబ్బు, మనసులో బాధ: ఈ ఆరు గడులు చాలు. రాయడం రానివాళ్లు ఇంట్లో చదువుకునే పిల్లల చేత రాయించకుండా, నమ్మకస్తుడైన పెద్దమనిషికి చెప్పి రాయించుకోవడం మేలు. రెండు మూడు వారాలకే వరస బయటపడుతుంది. ఒకరికి సంత, ఒకరికి కూలి డబ్బు ఇచ్చే రోజు, ఒకరికి అత్తవారింటికి వెళ్లిన రాత్రి. ఆ వేళకు కనీసం గంట ముందు ప్రార్థన పెట్టుకోవాలి. "ప్రభువా, నన్ను కాపాడు" అనే మాట దగ్గరే ఆగకుండా, "సంతలో పసుపు అమ్మాక మా బావ కలుస్తాడు, పాక వైపు రమ్మంటాడు, అప్పుడు నాకు నోరు రావాలి" అని ఉన్నదున్నట్టు చెప్పుకోవాలి.

రెండోది, ఒక చిన్న ప్రార్థనను నోటికి తెచ్చుకోవడం. నాలుగో శతాబ్దంలో ఈజిప్టు ఎడారిలో బతికిన ఎవాగ్రియస్ అనే సన్యాసి, మనిషిని పీడించే ఎనిమిది రకాల తలంపులను విడదీసి, ఒక్కోదానికి బదులు చెప్పే లేఖన వాక్యాలను గుదిగుచ్చి ఒక గ్రంథమే తయారుచేశాడు. తిండిపోతుతనానికి ఒక వరస, కోపానికి ఒక వరస, దిగులుకు ఒక వరస. ఆయన తరవాతివాడైన జాన్ కేసియన్ ఇంకా తగ్గించాడు: 70వ కీర్తన మొదట్లో సహాయం కోసం వేడుకునే ఒక్క వాక్యాన్ని పనిలోనూ నడకలోనూ నిద్రపట్టే ముందూ పలుకుతూ ఉండమన్నాడు. శోధన వేళ మనసు పొడవాటి మాటలు పట్టుకోలేదు, ఒక ఊపిరిలో ఇమిడేదే పనికొస్తుంది.

ఆ ఒక్క వాక్యం ఇంటి భాషలో ఉండాలి. జర్మనీలోని బ్రెక్లుం నుంచి పంతొమ్మిదో శతాబ్దం చివర వచ్చిన లూథరన్ మిషనరీలు సాలూరు, కోరాపుట్, జైపూరు వైపు పనిచేశారు. వారిలో షుల్జ్ అనే ఆయన 1911లో కువి భాషకు వ్యాకరణం అచ్చువేయించారు. కొండ భాషలో దేవుణ్ణి పిలవడానికి ఇక్కడ నూరేళ్లు దాటిన అలవాటు ఉందన్నమాట. మందిరంలో ప్రార్థన తెలుగులో సాగినా, సంత మధ్యలో పలుకుకునే మాట కువిలోనో ఆదివాసీ ఒడియాలోనో గదబలోనో ఉంటే తడుముకోకుండా వస్తుంది.

మూడోది, "అలా జరిగితే ఇలా చేస్తాను" అని ముందే నిర్ణయించుకోవడం. మనస్తత్వవేత్త పీటర్ గోల్విట్సర్ ఈ పద్ధతి గురించి 1999లో రాసిన వ్యాసం చాలా పేరుపొందింది. "మంచిగా ఉంటాను" అనుకున్నవాళ్ల కన్నా, ఫలానా చోట ఫలానాది ఎదురైతే ఫలానా పని చేస్తానని గట్టిగా అనుకున్నవాళ్లు దాన్ని చేసే అవకాశం ఎక్కువని ఆయన చూపించారు. ప్రార్థన చివర ఆమెన్ అనే ముందు అలాంటి వాక్యం ఒకటి చేర్చుకోవచ్చు. "బావ పాక వైపు చెయ్యి పట్టి లాగితే, 'బావా, నాకు ఇయ్యాల వద్దు, పద, టీ నేనిప్పిస్తాను' అంటాను." "మామ గ్లాసు ఇస్తే రెండు చేతులా దణ్ణం పెట్టి, 'మామా, డాక్టరు వద్దన్నాడు' అనకుండా, 'మానేసినాను మామా, నీ దీవెన చాలు' అంటాను." సాకు చెప్పి తప్పించుకుంటే వచ్చే వారం ఆ సాకు చెల్లదు. పెద్దవాళ్ల దగ్గర మర్యాదగా పలికిన నిజం రెండు మూడు సార్ల తరవాత ఊరంతా పాకుతుంది, పిలుపులు వాటంతటవే తగ్గుతాయి.

నాలుగోది, చోటు వదలడం. యోసేపు పోతీఫరు భార్యతో వాదన పెట్టుకోలేదు, పైబట్ట వదిలేసి బయటికి పరుగెత్తాడు. తాగాలన్న తపన ఎక్కువసేపు ఒకే తీరున ఉండదని, పెరిగి, కాసేపు నిలిచి, తగ్గుతుందని వ్యసన చికిత్సలో పేరున్న అమెరికా మనస్తత్వవేత్త అలన్ మార్లట్ బోధించారు. చలికాలం పొద్దున అరకు లోయను కప్పిన మంచు లాగా, ఎవరూ తోలకపోయినా పొద్దెక్కేసరికి పలచబడుతుంది. ఆ కాసేపు పాక వాసన తగలని చోట నడుస్తూ చిన్న ప్రార్థన పలుకుతూ ఉంటే చాలు. పాక ముందే నిలబడి ఎంత గట్టిగా ప్రార్థించినా కాళ్లు అటే లాగుతాయి. అందుకే డబ్బు చేతికి రాగానే ముందు బియ్యం, నూనె, ఫీజు డబ్బు లెక్కగట్టి ఇంటావిడకో బ్యాంకు ఖాతాకో చేర్చడం కూడా ఈ ప్రార్థనలో భాగమే.

ఐదోది, తోడు. 1935 మేలో బిల్ విల్సన్ అనే అమెరికా వ్యాపారి ఓహియో రాష్ట్రంలోని ఆక్రన్‌లో ఒక హోటల్లో దిగాడు. కుదురుతుందనుకున్న వ్యాపారం చెడింది. తాగుడు మాని కొద్ది నెలలే అయింది. హాల్లో ఒక చివర బారు, ఇంకో చివర టెలిఫోను. ఆయన ఫోను దగ్గరికి నడిచి, అక్కడున్న చర్చీల జాబితా చూసి పాస్టర్లకు ఫోన్లు చేశాడు. తనతో మాట్లాడేందుకు మరో తాగుబోతు కావాలని అడిగాడు. అలా కలిసినవాడు బాబ్ స్మిత్ అనే శస్త్రచికిత్స వైద్యుడు. ఆ ఇద్దరి కలయికతోనే ఆల్కహాలిక్స్ అనానిమస్ పుట్టింది. 2020లో కాక్రేన్ సంస్థ ఈ పద్ధతి మీద 27 అధ్యయనాలను, 10,565 మంది సమాచారాన్ని జల్లెడపట్టింది. పూర్తిగా మానడం విషయంలో ఇది తక్కిన చికిత్సలకు తీసిపోదని, కొన్నిటికన్నా మెరుగని తేల్చింది.

ఈ కొండల్లో ఆ ఫోను పని సంఘంలో ఒక అన్న చేయగలడు. సిగ్నలు దొరకని ఊరైతే సంతకు ఇద్దరూ ఒకే జీపులో వెళ్లి ఒకే జీపులో రావాలి. ఒకరి తప్పులు ఒకరితో ఒప్పుకుని ఒకరికోసం ఒకరు ప్రార్థించమని యాకోబు పత్రిక చెప్పింది. అది ఇద్దరి మధ్య జరగవలసిన పని. ఐదారు డజన్ల గడపలున్న ఊళ్లో తొలి వారంలోనే మైకు ముందు సాక్ష్యం చెప్పిస్తే, మర్నాడు జారిన మనిషి సిగ్గుతో మందిరం గడపే తొక్కడు. సాక్ష్యం కొన్నాళ్లు ఆగవచ్చు. పాస్టరుగారు తొందరపెట్టకూడదు.

ఆరోది, ఇతరుల కోసం ప్రార్థించడం. నతానియేల్ లాంబర్ట్, ఫ్రాంక్ ఫించమ్ తదితరులు 2010లో అమెరికా కళాశాల విద్యార్థులతో చేసిన అధ్యయనంలో, తమ భాగస్వామి క్షేమం కోసం నాలుగు వారాలు రోజూ ప్రార్థించినవాళ్లు తక్కినవాళ్లతో పోలిస్తే దాదాపు సగమే తాగారు. వాళ్లు వ్యసనపరులు కారు కాబట్టి దీన్ని మందుచీటీలా చూడకూడదు. అయినా పనికొచ్చే సూచన ఉంది. "నా తాగుడు, నా బలహీనత" అంటూ తన చుట్టూ తానే తిరిగే ప్రార్థన మనసును సీసా దగ్గరే కట్టేస్తుంది. భార్య మోకాళ్ల నొప్పి, కొడుకు ఆశ్రమ పాఠశాల చదువు, పక్కింటి ముసలమ్మ పింఛను పేరు పేరునా దేవుని ముందు పెట్టేవాడికి ఆ డబ్బు సారాకు పోతే ఎవరి నోటి ముద్ద పోతుందో కళ్ల ముందుంటుంది.

ప్రార్థన మెదడులో ఏం చేస్తుందన్న ప్రశ్నకూ కొంత జవాబు దొరికింది. న్యూయార్క్‌లో మార్క్ గలాంటర్ బృందం 2016లో ప్రచురించిన అధ్యయనంలో, చాలా ఏళ్లుగా తాగుడు మానిన 20 మందికి మద్యం బొమ్మలు చూపించారు. పత్రిక చదివి ఆ బొమ్మలు చూసినప్పటి కన్నా, ప్రార్థనలు చదివి చూసినప్పుడు తపన తక్కువగా ఉందని వాళ్లు చెప్పారు. ధ్యాసనూ ఉద్వేగాన్నీ అదుపుచేసే ముందరి మెదడు భాగాల్లో చురుకుదనం పెరిగినట్టు స్కానింగులో కనిపించింది. వాళ్లంతా ఏళ్ల తరబడి ఆ ప్రార్థనలు అలవాటైనవాళ్లన్నది మరువకూడదు.

ఏడోది, రాత్రి లెక్క. పదహారో శతాబ్దపు ఇగ్నేషియస్ లొయోలా నేర్పిన క్రమం ఇప్పటికీ కతోలికులు పాటిస్తారు. కృతజ్ఞత చెప్పడం, వెలుగు అడగడం, పొద్దుటి నుంచి జరిగింది నెమరువేయడం, తప్పుకు క్షమాపణ వేడడం, రేపటికి తీర్మానించుకోవడం. బాప్టిస్టు అయినా లూథరన్ అయినా స్వతంత్ర సంఘమైనా దీనికి అడ్డేమీ లేదు. అన్నం తిన్నాక నిప్పు ఆరేలోపు అయిపోతుంది.

తాగుడు పోయిన చోట

పార్వతీపురం మన్యం, శ్రీకాకుళం కొండల నుంచి ఒడిశా గజపతి జిల్లా దాకా ఉన్న సవరల అనుభవం ఈ విషయంలో కళ్లు తెరిపిస్తుంది. బ్రిటన్ మానవశాస్త్రవేత్త పియర్స్ విటెబ్‌స్కీ 1970ల నుంచి ఒడిశా సవరల మధ్య ఉండి చూసింది 2017లో పుస్తకంగా రాశారు. పాత పద్ధతిలో చనిపోయినవారు పూనకంలో ఉన్న కుడాన్ (పూజారి) నోట బతికినవారితో మాట్లాడేవారు. ఏడుపులు, తగవులు, క్షమాపణలు అన్నీ ఆ మాటల్లోనే జరిగేవి. ఆ క్రతువుల్లో మద్యం తప్పనిసరి. కెనడా బాప్టిస్టు మిషనరీలు నాటిన సంఘం వేళ్లూనాక యువతరం పెద్ద సంఖ్యలో క్రైస్తవులయ్యారు. సంఘం మద్యాన్ని పూర్తిగా కాదంది. ఎన్నో ఇళ్లలో తాగుడు పోయింది. దానితో పాటే, పోయినవారితో ఆ సుదీర్ఘ సంభాషణ కూడా పోయింది.

అరకు వైపు విశ్వాసులకు ఇందులో ఒక పాఠం ఉంది. మనిషి గ్లాసు వదిలినప్పుడు గ్లాసు చుట్టూ ఉన్న కూటమిని కూడా వదులుకుంటాడు. ఖాళీ అయిన ఆ చోటును ప్రార్థన ఒక్కటే నింపుతుందని ఆశించకూడదు. చావింటికి వెళ్లాలి. సారా ముట్టకపోయినా కట్టెలు మోయవచ్చు, గొయ్యి తవ్వవచ్చు, వచ్చినవాళ్లకు టీ కాచి పోయవచ్చు, పోయినాయన గురించి పెద్దలు చెప్పేది రాత్రంతా వినవచ్చు. పెళ్లిలో థింసా ఆడే వరసలో నిలబడాలా వద్దా అన్నది సంఘాన్ని బట్టి, మనస్సాక్షిని బట్టి ఉంటుంది. ఏదైనా, ఇంటి తలుపేసుకుని కూర్చోవడం కన్నా బంధువుల మధ్య పనిచేస్తూ ఉండటం మేలు. శుక్రవారం సాయంత్రం గృహకూడిక పెట్టి, అందులో పాటతో పాటు వేడి వేడి తిండి కూడా పెట్టే సంఘం సంత దారిలో నిలబడి బోధించే సంఘం కన్నా ఎక్కువ పని చేస్తుంది.

డబ్బు రూపంలో వచ్చే శోధన

అన్ని శోధనలూ నాలుక మీదే ఉండవు. ఆంధ్ర–ఒడిశా సరిహద్దు మండలాల్లో ఏళ్లపాటు గంజాయి సాగు జరిగింది. 2021 అక్టోబరు చివర పోలీసులు మొదలుపెట్టిన ఆపరేషన్ పరివర్తన్‌లో వేల ఎకరాల తోటలు నరికేశారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర కోడూరులో దాదాపు 2 లక్షల కిలోల సరుకు తగలబెట్టారు. ఇప్పుడు కుర్రవాళ్లకు ఎదురయ్యే మాట "ఒక్క సంచి కొండ దింపితే చాలు" అన్నది. 20 కిలోలకు మించి దొరికితే మాదకద్రవ్యాల చట్టం కింద కనీసం పదేళ్ల జైలు, లక్ష రూపాయలకు తగ్గని జరిమానా. బెయిలు దొరకడం చాలా కష్టం. సంచి తన సొంతం కాదని చెప్పినంత మాత్రాన మోసినవాడు బయటపడడు.

ఈ శోధన వెనక చాలాసార్లు అప్పు ఉంటుంది. ఇంట్లో కాచిన సారా అమ్ముకుని పిల్లల్ని సాకే ఆడమనిషి శోధన కూడా ఇలాంటిదే. మానమని ఆమెకు చెప్పే ముందు ఆ ఆదాయం ఏ మేరకో అడగాలి. కాబట్టి ఇక్కడ ప్రార్థనతో పాటు కాగితం కలం కూడా పట్టాలి. ఎవరికి ఎంత బాకీ, ఏ నెలలో తీర్చగలరు, కాఫీ, మిరియాల పంట ఎంత, పొదుపు సంఘంలో అప్పు పుడుతుందా, పంటను దళారికి ముందే తాకట్టు పెట్టకుండా గిరిజన సహకార సంస్థకు అమ్మడం కుదురుతుందా. సంఘ పెద్దలు ఆ లెక్క దగ్గర కూర్చోకుండా "ప్రార్థించు తమ్ముడూ" అని పంపేస్తే, ఆ తమ్ముడు సంచి మోసే మనిషి దగ్గరికే వెళతాడు.

ఆసుపత్రి మానకూడని చోటు

ఏళ్ల తరబడి రోజూ బాగా తాగినవాళ్లు ఒక్కసారిగా మానేస్తే ప్రాణం మీదికి రావచ్చు. చేతులు వణకడం, చెమటలు, నిద్రలేమి, తరవాత మూర్ఛ, లేనివి కనబడటం, మతి తప్పడం: ఇవన్నీ చివరిసారి తాగిన కొన్ని గంటల నుంచి మూడు నాలుగు రోజుల లోపు మొదలుకావచ్చు. అది దయ్యం పట్టడం కాదు. వెంటనే ఆసుపత్రిలో చేర్చవలసిన స్థితి. అలాంటివాళ్ల చేత మూడు రోజుల ఉపవాస ప్రార్థన చేయించడం ప్రమాదం. ముందు పాడేరు, అరకు ఆసుపత్రుల్లో డాక్టరుకు చూపించి, అవసరమైతే విశాఖపట్నం ప్రభుత్వ మానసిక వైద్యశాలకు తీసుకెళ్లాలి. మత్తు మానడానికి సలహా కోసం జాతీయ ఉచిత నంబరు 14446, మానసిక ఆరోగ్యానికి టెలిమానస్ 14416. డాక్టరు ఇచ్చిన మాత్రలు విశ్వాసం పేరుతో ఆపకూడదు.

తాగి కొట్టే భర్త కోసం ప్రార్థిస్తున్న భార్య దెబ్బలు భరించి తీరాలని ఏ సంఘమూ చెప్పకూడదు. మహిళల సహాయానికి 181 ఉంది. ముందు ఆమె, పిల్లలు సురక్షితమైన ఇంట్లో ఉండాలి. ప్రార్థన అక్కడి నుంచీ చేయవచ్చు.

జారిన మర్నాడు

ఎన్ని ఏర్పాట్లు చేసుకున్నా ఏదో ఒక సంత నాడు కాలు జారవచ్చు. ఆ మర్నాటి ఉదయం ఏం చేస్తారన్న దాని మీద రాబోయే నెలంతా ఆధారపడి ఉంటుంది. "ఎలాగూ పోయింది" అనే తలంపు ఒక రోజు తాగుడును వారం తాగుడుగా మారుస్తుంది. లూకా సువార్త ప్రకారం పేతురు తడబడక ముందే యేసు అతని కోసం ప్రార్థించానన్నాడు. తిరిగి వచ్చాక తోటివారిని నిలబెట్టమని పని కూడా అప్పజెప్పాడు. అందుకే మర్నాటి ప్రార్థనలో క్షమాపణ తరవాత నోటు పుస్తకం మళ్లీ తెరవాలి. ఆరు గడుల్లో ఏది తప్పింది? డబ్బు ముందే ఇంటికి చేర్చలేదా, తోడు అన్న ఆ రోజు రాలేదా, పొద్దున్నుంచి ఏమీ తినలేదా? ఆకలి, కోపం, ఒంటరితనం, అలసట ఈ నాలుగూ కలిసిన రోజు ఎంత గట్టివాడైనా మెత్తబడతాడు. తప్పిన గడికి కొత్త ఏర్పాటు రాసుకుని అదే రోజు సాయంత్రం తోడుకు చెప్పాలి.

ఇలా ఒక ఊళ్లో నలుగురైదుగురు కొన్ని నెలలు నిలదొక్కుకున్నాక పనిని పెద్దది చేయవచ్చు. 1996 నాటి పెసా చట్టం షెడ్యూల్డు ప్రాంతాల్లో మత్తుపదార్థాల అమ్మకాన్ని నిషేధించే లేదా నియంత్రించే అధికారాన్ని గ్రామసభకూ తగిన స్థాయి పంచాయతీకీ కల్పించింది. అక్కడ చర్చికి వెళ్లేవాళ్లూ, గంగాలమ్మకు మొక్కేవాళ్లూ, పొదుపు సంఘం ఆడవాళ్లూ ఒకే చాప మీద కూర్చోవాలి. సారా కాచి బతికే కుటుంబాలను కూడా పిలిచి, వాళ్లకు బదులు పని ఏమిటో అదే సభలో మాట్లాడాలి. ఇంటి కల్లును, పండగ ఆనవాయితీని వేరుగా ఉంచి, సంత రోజు రోడ్డు పక్క అమ్మకం గురించే మొదట తీర్మానం పెడితే పెద్దలు కలిసొస్తారు. తీర్మానం మీద సంతకాలు, వేలిముద్రలు పడ్డాక దాని నకలు ఒకటి పంచాయతీ కార్యదర్శి దగ్గర తీసుకుని, ఇంకొకటి ఐటీడీఏ కార్యాలయంలో ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోవాలి.